సీతాకోకచిలుకల అక్రమ సమావేశం

"చెదరగొట్టండి!" అని గర్జించారు మున్సిపల్ కమిషనర్ పరాంకుశరావు గారు.

ఎస్సై లాఠీ ఎత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు.

ఎదురుగా, పార్కు మరుగుదొడ్ల వెనక తడినేల మీద, సీతాకోకచిలుకలు కిక్కిరిసి కూర్చున్నాయి. పసుపువీ, తెల్లవీ, నీలిచారలవీ, నల్ల రెక్కల మీద ఎర్రచుక్కలవీ. రెక్కకు రెక్క రాసుకుంటోంది. మూతికి మూతి తగులుతోంది. ఒక్కదానికీ మాస్కు లేదు.

"ఎక్కడ కొట్టమంటారు సార్?" అన్నాడు ఎస్సై. "మామూలుగా అయితే మోకాళ్ళ కింద కొడతాం."

కమిషనర్ గారు వంగి చూశారు. మోకాళ్ళు ఎక్కడున్నాయో ఆయనకూ అంతుపట్టలేదు.

"ముందు హెచ్చరించు."

ఎస్సై గొంతు సవరించుకున్నాడు. "ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, ఈ ప్రాంతమందు నిషేధాజ్ఞలు అమల్లో ఉన్నవి. ఐదుకు మించి గుమికూడిన యెడల చట్టరీత్యా చర్య తీసుకొనబడును. ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోవలెను."

ఒక పసుపు సీతాకోకచిలుక లేచింది. అందరూ ఊపిరి బిగబట్టారు. అది గాల్లో ఒక చుట్టు తిరిగి వచ్చి లాఠీ కొసన వాలింది.

ఎదురు అపార్ట్‌మెంట్ల బాల్కనీల్లో చప్పట్లు మోగాయి.

"అసాంఘిక శక్తులు!" అన్నారు కమిషనర్ గారు. ఆ మాట బాల్కనీలనో సీతాకోకచిలుకలనో ఎవరికీ తెలియలేదు.

మలేరియా విభాగంలో బయాలజిస్టు నళిని ఇదంతా వెనక నిలబడి చూస్తోంది. తననెందుకు పిలిపించారో ఆమెకు ఇంకా తెలియదు. దోమల మందు కొట్టించే పని మధ్యలో వదిలేసి ఉన్నపళంగా రమ్మంటే వచ్చింది. రెండు మాస్కులు ఒకదాని మీద ఒకటి కట్టుకుంది కాబట్టి ఆమె నవ్వు ఎవరికీ కనిపించలేదు. అదొక్కటే అదృష్టం.

నగరాలన్నీ తలుపులు మూసుకున్న వసంతం అది. పరాంకుశరావు గారు రత్నవరంలోని పార్కులన్నిటికీ మొదటి రోజే తాళాలు వేయించి, లోపలి మరుగుదొడ్లకు లక్కముద్రలు కూడా కొట్టించారు. అక్కణ్ణుంచి వాటర్ ట్యాంకు పార్కు దశ తిరిగింది. గడ్డి కోసేవాళ్ళు లేక పిచ్చిమొక్కలు విరగబూశాయి. వాకింగ్ ట్రాక్ మీద గోరువంకలు జంటలుగా నడక మొదలెట్టాయి. జారుడుబల్ల కింద ముంగిస కాపురం పెట్టింది. సీనియర్ సిటిజన్ల బెంచీ మీద ఉడతలు పక్కపక్కన కూర్చుని, సీనియర్ సిటిజన్లలాగే ఏదో నములుతూ, వచ్చేపోయేవాళ్ళ కోసం గేటు వైపు చూసేవి.

ఇన్నేళ్ళూ ఆ పార్కు వైపు కన్నెత్తి చూడని శ్రీనిలయం అపార్ట్‌మెంట్ల జనం ఇప్పుడు పొద్దున్నే కాఫీ గ్లాసులతో బాల్కనీల్లో హాజరు. "ఏమండీ, మీవైపు నీలంది వచ్చిందా?" అని కింది అంతస్తు అడిగితే, "ఇప్పుడే వెళ్ళింది, చూస్తూ ఉండండి, మీ మల్లెపందిరి మీదికే వస్తోంది," అని పై అంతస్తు కబురు చెప్పేది. మూడో అంతస్తులో ఉండే రిటైర్డు టీచరు త్రిపురసుందరి గారు ఆ గుంపును ఫోనులో వీడియో తీసి, చూడముచ్చటగా ఉన్నాయంటూ అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టింది. అది ఊరంతా తిరిగి ఒక టీవీ ఛానెల్లో తేలింది. 'వాటర్ ట్యాంకు పార్కులో గుంపులు. నిద్రపోతున్న అధికారులు' అని స్క్రోలింగు వేశారు. సీతాకోకచిలుకలన్న మాటకు అందులో చోటు చాలలేదు.

రాజధాని నుంచి సంజాయిషీ అడిగారు. అవి మనుషులు కావని కార్పొరేషన్ జవాబు పంపింది. వెంటనే తిరుగు టపా వచ్చింది: 'ఉత్తర్వులో ఏ జాతికీ మినహాయింపు ఇచ్చి ఉండనందున, గుంపును గుంపుగానే పరిగణించి తగు చర్య గైకొనవలెను. గురువారం ఉదయం ప్రత్యేకాధికారిణి వీడియో ద్వారా సదరు పార్కును తనిఖీ చేయుదురు.'

ఇక్కడే పరాంకుశరావు గారికి నిద్ర కరువైంది. 'ఉత్తమ కట్టడి నగరం' పురస్కారానికి రత్నవరం పేరు పరిశీలనలో ఉంది. ఆయన శాలువా రంగు కూడా అనుకుని పెట్టుకున్నారు.

చేయగలిగినవన్నీ చేశారు. కూరగాయల మార్కెట్లో జనం నిలబడటానికి గుండ్రాలు గీసిన ముఠానే రప్పించి, పార్కు నేలంతా ముగ్గుపిండితో ఆరడుగులకొకటి చొప్పున గుండ్రాలు గీయించారు. దారితప్పిన తెల్ల సీతాకోకచిలుక ఒకటి ఒక గుండ్రంలో కాసేపు కూర్చుంది. డిప్యూటీ కమిషనర్ చక్రపాణి దాని ఫోటో తీయించి పత్రికలకు పంపాడు.

"ఒకటి సహకరించింది సార్. మార్పు మొదలైంది," అన్నాడు.

మార్పు ఆ ఒక్కదానితోనే ఆగిపోయింది. అదైనా ముగ్గుపిండి రుచి చూసి వెళ్ళిపోయింది.

"మేడమ్!" అని కమిషనర్ గారు నళిని వైపు తిరిగారు. "నేను కూలంకషంగా ఆలోచించాను. ఈ ఊళ్ళో ఇన్ని పార్కులుండగా ఇక్కడే ఎందుకు? ఇంత పెద్ద పార్కులో ఆ మూలే ఎందుకు? వాటంతట అవి రావు. ఎవడో పోగు చేస్తున్నాడు. దీని వెనక హస్తం ఉంది. ఆ హస్తం ఎవరిదో తేల్చే విచారణాధికారి మీరు."

"నేనా సార్? నా ఉద్యోగం దోమల్ని చంపడం."

"రెక్కలున్నాయా లేదా?"

"ఉన్నాయి సార్."

"అయితే మీ పరిధిలోకే వస్తుంది."

చక్రపాణి చెవి దగ్గరికి రాబోయి, ఆరడుగుల నియమం గుర్తొచ్చి, దూరం నుంచే గుసగుసగా అరిచాడు. "సార్, గేటు తాళం వాచ్‌మన్ దగ్గరే ఉంటుంది. వాడికి తెలియకుండా చీమ కూడా రాదు. అనుమానించాల్సింది వాణ్ణే."

"సబబే. ఎల్లుండి తనిఖీలోగా దోషి దొరకాలి. దొరక్కపోతే ఆ వాచ్‌మన్నే దోషిగా నమోదు చేసి, పనిలోంచి తీసేసి, వాడుంటున్న పంపు గది ఖాళీ చేయించండి."

గేటు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ వాచ్‌మన్ తవిటయ్య ఆ మాట విన్నాడు. పంపు గది గుమ్మంలో కూర్చున్న అతని భార్య సత్తెమ్మ కూడా విన్నది. ఆమె బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టేసింది.

అందరూ వెళ్ళాక నళిని అక్కడే ఉండిపోయింది. విచారణ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, దూరంగా బెంచీ మీద కూర్చుని సీతాకోకచిలుకల్ని చూసింది. ఆమెకు వయసొచ్చాక ఇలా ఊరికే కూర్చుని దేన్నయినా చూడటం ఇదే మొదటిసారి. అవి రెక్కలు తెరుస్తుంటే నేల ఊపిరి తీస్తున్నట్టుంది. నెల రోజులుగా ఫోనులో చావు కబుర్లు తప్ప వినని మనసు కాస్త కుదుటపడింది. గుంపుగా ఉండటం ఎంత బాగుంటుందో మర్చిపోయామనుకుంది. తర్వాత తాను ప్రభుత్వోద్యోగినని గుర్తొచ్చి లేచింది.

"తవిటయ్యా, లోపలికి ఎవరొస్తున్నారు?"

"ఎవులూ రావట్నేదమ్మ."

"నువ్వేమైనా వేస్తున్నావా వాటికి? బెల్లమో, పళ్ళ తొక్కలో?"

"బెల్లవేటమ్మ! మాకే టీలోకి నేదు." అతను తాళాలగుత్తి ఆమె ముందుకు చాచాడు. "నానేటి సేసినానమ్మా? అయి ఎగురుతాయి. నా సేతిలో ఏటుంది? ఈ గది ఒగ్గేసి పొమ్మంటే ఎక్కడికి పోతాం? బస్సుల్నేవు, రైల్నేవు. శ్రీకాకుళం కాడ మా ఊళ్ళోకి కొత్తోళ్ళని రానివ్వకండా దారికడ్డంగా ముళ్ళకంపేసినారంట. మేం ఆ ఊరోళ్ళమే, గాని ఇప్పుడు కొత్తోళ్ళమే."

సత్తెమ్మ గుమ్మంలోంచే అందుకుంది. "సెప్పు మరి! నోరు తెరిసి సెప్పు! మొగుడు గావాల, మూగోడు గావాల!"

"నువ్వూరుకోయే!" అని కసిరాడు తవిటయ్య. ఆ కసురులో కోపం లేదు, భయం ఉంది. నళిని అది గమనించింది.

సాయంత్రానికి చక్రపాణి తన వంతు చర్య తీసుకున్నాడు. సీతాకోకచిలుకలు వాలే చోట పొడి ఇసుక పోయించి, చుట్టూ ఇనప బారికేడ్లు పెట్టించి, 'ప్రవేశం నిషిద్ధం' అని బోర్డు కట్టించాడు. ఎగిరేవాటిని బారికేడ్లు ఆపుతాయా అని ఎవరో అడిగితే, "చట్టం మీద గౌరవం ఉంటే ఆగుతాయి," అన్నాడు.

ఆశ్చర్యం! మర్నాడు పొద్దున నళిని వచ్చేసరికి బారికేడ్ల లోపల ఒక్క సీతాకోకచిలుక లేదు.

చక్రపాణి ఛాతీ పొంగింది. "చూశారా మేడమ్?"

"చూశాను. అటు కూడా చూడండి."

బారికేడ్లకు ఇవతల, అదే మరుగుదొడ్ల గోడ చివరన, కరివేపాకు చెట్టు మొదట్లో, అవన్నీ మళ్ళీ సభ తీర్చాయి. నిన్నటికన్నా నిండుగా.

"ఇది ధిక్కారం," అన్నాడు చక్రపాణి నీరసంగా, ఇంకో జత బారికేడ్ల కోసం ఫోను చేస్తూ వెళ్ళిపోయాడు.

నళిని మాత్రం బారికేడ్ల ముందే నిలబడిపోయింది. ఏదో తిరకాసుంది. రెక్కలున్న ప్రాణి బారికేడును ఎందుకు లెక్కచేస్తుంది? పైనుంచి వచ్చి హాయిగా వాలొచ్చు. బారికేడు ఆపేది ఒక్కర్నే. కాళ్ళున్నవాణ్ణి. కాళ్ళున్నవాడెవడో రోజూ ఆ చోటికి వచ్చేవాడు. ఇవాళ అడ్డం తగిలేసరికి ఇవతలే ఆగిపోయాడు. అతను ఆగినచోటికి సీతాకోకచిలుకలూ వచ్చాయి.

అయితే ఆ మనిషి ఇక్కడ ఏం వదిలి వెళ్తున్నాడు?

ఆమె కరివేపాకు చెట్టు దగ్గర గొంతుక్కూర్చుంది. ఎండకు, ఊపిరికి కళ్ళద్దాల మీద ఆవిరి కమ్మింది. తుడుచుకుందామని అద్దాలు తీసి, రెండు మాస్కులూ గడ్డం కిందికి లాగి, గట్టిగా ఊపిరి పీల్చింది.

పీల్చిన మరుక్షణం ఎగిరి వెనక్కి పడింది.

రహస్యం విడిపోయింది! ఇన్నాళ్ళూ ఇంతమంది అధికారులు ఇక్కడికి వచ్చారు, వంగి చూశారు, గుండ్రాలు గీయించారు. ఒక్కరి ముక్కూ బయట లేదు. ఎంఎస్సీలో చదివిన పాఠం ఆమెకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. సీతాకోకచిలుకకు పువ్వులో తీపి దొరుకుతుంది గాని ఉప్పు దొరకదు. ఆ ఉప్పు కోసం అది తడిమన్ను మీద వాలుతుంది. మనిషో పశువో తడిపిన మన్నయితే దానికి పెళ్ళిభోజనం.

ఆమె మళ్ళీ దగ్గరికి వెళ్ళింది, ఈసారి ముక్కు మూసుకుని. సీతాకోకచిలుకల పక్కనుంచే నల్లచీమల బారు ఒకటి చకచకా సాగుతోంది. ఉప్పు కోసం వచ్చినవి సరే, చీమలకిక్కడేం పని? చీమలు ఉప్పుకు రావు.

తీపికి వస్తాయి.

"షుగర్ పేషెంటు," అంది నళిని పైకే.

తవిటయ్య పంపు దగ్గర బకెట్టు నింపుతున్నాడు. ఆమె సూటిగా వెళ్ళి అడిగింది. "నీకు షుగరుందా?"

"నేదమ్మ. మొన్న కేంపులో సూసినారు. సుగరూ నేదు, రగతమూ నేదన్నారు."

"ఇంటావిడకి?"

"దానికి నా మీద కోపం తప్ప ఏ జబ్బూ నేదు."

"ఒకటికి మీరెక్కడికి వెళ్తారు?"

తవిటయ్య సిగ్గుపడి పంపు గది వెనక తడక కట్టిన బాత్రూము చూపించాడు. మరుగుదొడ్ల గోడ పార్కుకు ఆ చివర ఉంది.

"ఇప్పుడు నా మొహం చూసి చెప్పు. పొద్దున్నే లోపలికి ఎవరొస్తున్నారు?"

"ఎవులూ రావట్నేదని సెప్పమన్నారమ్మ," అన్నాడు తవిటయ్య.

అనేశాక నాలుక కరుచుకున్నాడు. బకెట్టు నిండి పొర్లిపోతున్నా పంపు కట్టలేదు. నళిని ఎంత బతిమాలినా ఆ పేరు మాత్రం బయటపెట్టలేదు. "సెప్పితే ఉద్యోగం ఊడతాదన్నారు. సెప్పకపోతే ఊడతాదని మీరంటన్నారు. ఏటి సెయ్యమంటారు? మాటిచ్చినాను కాబట్టి సెప్పకుండానే ఊడనిస్తాను," అన్నాడు.

మరునాడే తనిఖీ. తెల్లవారుతూనే నళిని త్రిపురసుందరి గారి బాల్కనీలో ఉంది. ఆవిడ కాఫీ ఇచ్చి, తన కుర్చీ కాస్త ఎడంగా జరుపుకుంది.

"ఆయన కోసమేనా అమ్మాయ్ వచ్చావు? కూర్చో, వచ్చే వేళయింది."

"ఎవరు టీచర్ గారూ?"

"అదే నాకూ అంతుపట్టలేదు. మంకీ క్యాపు, మాస్కు, దాని మీద అద్దం తొడుగు, చేతులకు గ్లవుజులు. ఆపరేషన్ థియేటర్లోంచి తప్పించుకొచ్చినట్టుంటాడు. రోజూ గుండ్రంగా తిరిగి, చివర్లో ఆ గోడ కేసి తిరిగి, తల పైకెత్తి, కళ్ళు మూసుకుని నిలబడతాడు. పాపం, ఎంత నిష్ఠగా చేస్తాడో! ప్రాణాయామం."

నళినికి కాఫీ పొలమారింది.

ఆవిడ అన్నట్టే చిన్నగేటు తెరుచుకుంది. నఖశిఖపర్యంతం కప్పుకున్న మనిషి లోపలికి వచ్చాడు. మొహం కనిపించే ఆశ లేదు. నళిని నిస్పృహగా కప్పు పక్కన పెట్టబోతుంటే, త్రిపురసుందరి గారు ఆమె దృష్టి తవిటయ్య మీదికి మళ్ళించింది.

"ఆయన్ని కాదమ్మా, వాణ్ణి చూడు. ఈ నెల్లాళ్ళూ ఇక్కడ కూర్చుని నేను నేర్చుకున్న విద్య అదొక్కటే. ఏఈ వస్తే వాడు కుర్చీలోంచి లేచినట్టు చేసి మళ్ళీ కూర్చుంటాడు. ఇంజనీరు వస్తే లేచి, చెయ్యి చెవి దాకా తీసుకెళ్తాడు. డిప్యూటీ వస్తే నుదుటి దాకా. మరి ఈయనకి చూడు."

తవిటయ్య చెప్పులు విప్పాడు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. నడుము దగ్గర విరిగిన కొమ్మలా వంగి, ఆ మనిషి ట్రాక్ ఎక్కేదాకా లేవలేదు.

"ఆ లెవెల్ సలాము ఈ ఊళ్ళో అందుకునేది ఎవరమ్మా?" అంది త్రిపురసుందరి గారు.

నళిని రెయిలింగు మీంచి ముందుకు వంగింది. కింద ఆ మనిషి నడక ముగించుకుని, మరుగుదొడ్ల తలుపు మీది లక్కముద్రను ఒకసారి చేత్తో తడిమి చూసి, సరిగ్గానే ఉందని తృప్తిగా తలాడించి, ఆ ముద్రకు ఎలాంటి భంగమూ కలగకుండా గోడ పక్కకు వెళ్ళి ప్రాణాయామం మొదలుపెట్టాడు.

తనిఖీ వేళకు పార్కులో షామియానా వెలిసింది. కుర్చీలు గుండ్రాల్లో వేశారు. పెద్ద తెర మీద రాజధానిలోని ప్రత్యేకాధికారిణి గారి మొహం, ఆవిడ వెనక బీరువా కనిపిస్తున్నాయి. పక్కన పంపు గది ముందు సత్తెమ్మ సామాన్లు బయట పెట్టుకుంటోంది: ఒక ట్రంకుపెట్టె, బొంత, పొయ్యి, నాలుగు గిన్నెలు. తీర్పు రాకముందే ఖాళీ చేయిస్తే తనిఖీకి శుభ్రంగా కనిపిస్తుందని చక్రపాణి అన్నాడట.

పరాంకుశరావు గారు మైకు అందుకున్నారు. తలంటుకుని, ఇస్త్రీ బట్టల్లో, వికసించిన మొహంతో ఉన్నారు.

"గౌరవనీయులైన ప్రత్యేకాధికారిణి గారికి నమస్సులు. కట్టడి అనునది మన శ్వాస. ఆ శ్వాసను భగ్నం చేయుటకు ఒక దుష్టశక్తి ఈ మూగజీవులను పురికొల్పినది. ఆ వ్యక్తి ఎంతటివాడైనా, ఎవరి మనిషైనా, నేను ఉపేక్షించను. అంతే కాదు. దోషి పేరును విచారణాధికారి ఇదే మైకులో, ఎదురుగా బాల్కనీలలో ఉన్న పౌరులందరికీ వినిపించేట్టు ప్రకటించవలెనని ఇప్పుడే ఆదేశిస్తున్నాను!"

బాల్కనీలు చప్పట్లు కొట్టాయి. నళిని లేచి మైకు పుచ్చుకుంది.

"సార్, సీతాకోకచిలుకలు ఉప్పు కోసం వస్తున్నాయి. ఆ ఉప్పు ఇక్కడ లఘుశంక తీర్చుకుంటున్న ఒక వ్యక్తిది."

షామియానాలో కలకలం.

"సిగ్గు! సిగ్గు!" అని అరిచారు కమిషనర్ గారు. "బహిరంగ ప్రదేశంలోనా? నా నగరంలోనా? మరుగుదొడ్లు ఉండగానా?"

"మరుగుదొడ్లకు మీరు ముద్ర వేయించారు సార్."

"వేయించాను. ముద్ర పగలగొట్టాడా?"

"లేదు సార్. ముద్రంటే అతనికి చాలా గౌరవం. అందుకే పక్కకి వెళ్ళాడు."

"ఊఁ. అంతవరకు క్రమశిక్షణ ఉన్నవాడే," అని ఒప్పుకున్నారు కమిషనర్ గారు.

"అక్కడికి చీమలు కూడా వస్తున్నాయి. అంటే అతనికి షుగరుంది."

ఆ మాటతో అధికారుల్లో తొక్కిసలాట మొదలైంది. "నాకు బీపీ మాత్రమేనండీ!" అని చక్రపాణి లేచి చెప్పాడు. "నాది థైరాయిడు!" అన్నాడు ఇంజనీరు. పారిశుద్ధ్యాధికారి జేబులోంచి లడ్డూ తీసి అందరూ చూస్తుండగా తిన్నాడు. పరాంకుశరావు గారొక్కరే కదల్లేదు. ఆయన చూపు మెల్లగా కరివేపాకు చెట్టు దాకా వెళ్ళి, చీమల బారు మీద ఆగి, అక్కణ్ణుంచి వెనక్కి రాలేదు.

"అతను రోజూ తెల్లవారుతూనే వస్తున్నాడు," అంది నళిని. "గేటు తీయించుకోగలడు. వచ్చి కూడా ఎవరూ రాలేదని చెప్పించగలడు."

"ఐదు నిమిషాలు విరామం!" అన్నారు పరాంకుశరావు గారు. నళినిని బారికేడ్ల వెనక్కి పిలిచి, మొదటిసారి ఆరడుగులు మరిచి దగ్గరికి వచ్చారు.

"అమ్మా నళినీ," అన్నారు. నిన్నటిదాకా మేడమే. "డాక్టరు నడవకపోతే ప్రమాదమన్నాడమ్మా. నాకీ సీతాకోకచిలుకల సంగతి... నిజంగా తెలియదు."

"నాకు తెలుసు సార్, మీకు తెలియదని."

"ఇప్పుడు తెలిసింది కదా. రేపట్నుంచి జరగదు. ప్రస్తుతానికి ఆ వాచ్‌మన్ పేరు చెప్పేయండి. పరిస్థితులు చక్కబడ్డాక మళ్ళీ పనిలోకి తీసుకుందాం."

"అంతవరకు వాళ్ళెక్కడ ఉండాలి సార్?"

"విపత్తు సమయంలో ప్రతి ఒక్కరూ కొంత త్యాగం..."

"మీరేం త్యాగం చేస్తున్నారు సార్?"

ఆయన చాలాసేపు ఆలోచించారు. ఏదీ తట్టలేదు. "మీ ప్రమోషన్ ఫైలు నా బల్ల మీదే ఉంది," అన్నారు చివరికి.

ఆ మాట నళినికి తగలలేదని చెబితే అబద్ధం. పదేళ్ళుగా ఆ ఫైలు ఒక బల్ల మీంచి ఇంకో బల్లకు దేకుతోంది. ఆమె తిరిగి షామియానా వైపు నడిచింది. దారిలో తవిటయ్య ఎదురొచ్చాడు. ట్రంకుపెట్టె అప్పటికే నెత్తికెత్తుకున్నాడు.

"అమ్మా," అన్నాడు మెల్లగా. "నా పేరే సెప్పియండి. పెద్దోళ్ళతోటి మీకెందుకు? ఎలాగోలా నడిసి పోతాం."

అతని వెనక సత్తెమ్మ ఈసారి మొగుణ్ణి తిట్టలేదు. బూడిద ఊదేసి, పొయ్యిని గోనెసంచిలో పెడుతోంది.

"పెట్టె దించు తవిటయ్యా," అంది నళిని.

తెర మీద ప్రత్యేకాధికారిణి గారు వాచీ చూసుకున్నారు. "విచారణాధికారి గారూ, నాకింకా రెండు జిల్లాలున్నాయి. దోషి ఎవరు?"

"సదరు అంశం మరింత లోతుగా పరిశీలించుటకు ఒక ఉపసంఘం..." అని లేచారు పరాంకుశరావు గారు.

"మీరు కూర్చోండి. పేరు మైకులో చెప్పమని ఆదేశించింది మీరే కదా. చెప్పండమ్మా."

చక్రపాణి తన గుండ్రంలోంచి తవిటయ్య వైపు వేలు చూపిస్తూ, పెదవులతో ఆ పేరు పలికి చూపించాడు. బాల్కనీల్లో కాఫీ గ్లాసులు గాల్లోనే ఆగాయి. త్రిపురసుందరి గారు కుర్చీలోంచి లేచి రెయిలింగు పట్టుకుంది. కరివేపాకు చెట్టు మొదట్లో సీతాకోకచిలుకలు మాత్రం తలలు వంచుకుని తమ పని తాము చేసుకుంటున్నాయి.

నళిని మాస్కులు రెండూ తీసేసింది. మాట స్పష్టంగా వినపడాలి. మైకు నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"ఈ అక్రమ సమావేశానికి కారకులు, బాధ్యులు, దోషి," అంది, ఒక్కో మాటా విడివిడిగా, "శ్రీ ముక్కామల పరాంకుశరావు గారు, కమిషనర్, రత్నవరం నగరపాలక సంస్థ!"